గజపతి సామ్రాజ్య క్షీణత, పతనం

గజపతి సామ్రాజ్యం: కటకం రాజధానిగా 15, 16 శతాబ్దాలలో భారతదేశపు తూర్పు తీరాన్ని ఏలిన రాజ్యం. సూర్యవంశీయుడైన కపిలేంద్రదేవుడు 1434-35లో దీన్ని స్థాపించాడు. 1568లో కటకం బెంగాల్ అఫ్ఘన్ల వశం కావడంతో ఇది అంతమైంది. దాని ఉచ్చదశలో ఉత్తరపు కొస నేటి పశ్చిమ బెంగాల్‌లో హిజ్లీ ఉన్న మేదినీపూర్ ప్రాంతం, గంగాతీరం. దక్షిణపు కొస తెలుగుసీమను దాటి తమిళ దేశం. తెలుగువారి చరిత్రలో ఈ రాజ్యం ఎక్కువగా శ్రీకృష్ణదేవరాయల కళింగ విజయం సందర్భంలోనే కనిపిస్తుంది. రాయల దెబ్బ పెద్దదే అయినా ఆ తరవాత కూడా రాజ్యం అర్ధ శతాబ్దం నిలిచింది. పడిపోయింది మాత్రం ఉత్తర దిక్కు నుంచి వచ్చిన సైన్యం చేతిలో.

పేరు, పరిధి

మధ్యయుగ దక్షిణాపథంలో మూడు పెద్ద రాజశక్తులకు వాటి సేనాబలాన్ని బట్టి పేర్లు వాడుకలోకి వచ్చాయి. గుర్రాల బలమున్న సుల్తానులు అశ్వపతులు, కాల్బలమున్న విజయనగర ప్రభువులు నరపతులు, ఏనుగుల బలమున్న ఒడిశా రాజులు గజపతులు. కపిలేంద్రుడు ధరించిన బిరుదావళిలో గజపతితో పాటు గౌడేశ్వర, నవకోటి కర్ణాట, కలుబరిగేశ్వర అనే పదాలున్నాయి. గౌడం బెంగాల్, కర్ణాటం విజయనగరం, కలుబరిగె బహమనీల గుల్బర్గా. ముగ్గురు పొరుగువారినీ ఒకే బిరుదులో తనకింద చేర్చుకున్నాడన్నమాట. ఇందులో ఆకాంక్ష పాలు ఎక్కువ. అయినా శత్రువులెవరో, సరిహద్దు ఏయే దిక్కుల తెగే ప్రమాదముందో ఆ బిరుదే చెబుతుంది.

హిజ్లీ

హిజ్లీ పేరుతో రెండు చోట్లున్నాయి. పాత హిజ్లీ నేటి పూర్వ మేదినీపూర్ జిల్లాలో, రసూల్‌పూర్ నది సముద్రంలో కలిసే దగ్గరి తీరప్రాంతం. ఉప్పుకు, రేవుకు పేరుపొందింది. తాజ్ ఖాన్ మస్నద్-ఇ-ఆలా దర్గా అక్కడే ఉంది. రెండోది ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో భాగమైన నేటి హిజ్లీ. ఈ వ్యాసంలో గజపతుల నాటి ప్రస్తావనలన్నీ మేదినీపూర్ తీరప్రాంతానికి వర్తిస్తాయి. రైల్వే పట్టణం ఆ ప్రాంతానికి లోపలి వైపున, ఒడిశాకు పోయే పాత దారికి దగ్గరలో వెలిసింది.

గజపతుల కాలంలో ఈ తీరాన్ని మాల్‌జ్యేష్ఠా లేదా మాల్‌ఝటా దండపాటం అనేవారు. దండపాటం అంటే రెవెన్యూ, సైనిక అధికారాలు ఒకే అధికారి చేతిలో ఉండే మండలం. అక్బరు కాలపు లెక్కల్లో ఇదే పేరు మాల్‌ఝీటా అన్న రూపంలో జలేశ్వర్ సర్కారు (మొఘల్ పాలనా విభాగం) కింద నమోదైంది.

స్థాపన, విస్తరణ

తూర్పు గంగవంశపు చివరి రాజు నాల్గవ భానుదేవుడు దక్షిణాన దండయాత్రలో ఉండగా కపిలేంద్రుడు కటకంలో సింహాసనం ఎక్కాడు. ఆ రాజవంశంతో సంబంధం లేకుండా అధికారం చేజిక్కించుకున్న రాజుకు సామంతుల అంగీకారం సులభంగా దొరకదు. పాలన తొలి ఏళ్లలోనే పూరీ జగన్నాథాలయంలో శాసనం వేయించి ఉప్పు మీద, గవ్వల మీద పన్ను రద్దు చేశాడు. ఉప్పు పండే తీరానికి ఇది చిన్న విషయం కాదు. తాను జగన్నాథుడి సేవకుణ్నేనని ప్రకటించుకోవడం కూడా ఆ దారిలోదే.

ఆ తరవాత విస్తరణ వేగంగా సాగింది. రెడ్డిరాజుల నుంచి రాజమహేంద్రవరం, 1454లో కొండవీడు గజపతుల వశమయ్యాయి. కొండవీటిని గణదేవ రౌతరాయలు, రాజమహేంద్రవరాన్ని రఘుదేవ నరేంద్రుడు పాలించారు. 1460లో కపిలేంద్రుడి పెద్దకొడుకు హంవీరుడు ఓరుగల్లు కోటను పట్టాడు. 1464 నాటికి అతని సేనలు తమిళ దేశం చేరాయి. స్థాపించిన ముప్పై ఏళ్లలో రాజ్యం మేదినీపూర్ నుంచి కావేరి ప్రాంతం దాకా సాగింది. ఈ పొడవుకు తగ్గ వెడల్పు దానికి లేదు. పడమట కొండలు, తూర్పున సముద్రం, మధ్యలో సన్నని తీరపు దారి. కటకం నుంచి సైన్యం దక్షిణానికి కదిలితే ఉత్తరం ఖాళీ అయ్యేది, ఉత్తరానికి కదిలితే దక్షిణం ఖాళీ అయ్యేది. పతన చరిత్ర అంతటా ఈ భౌగోళిక స్థితి పదేపదే కనిపిస్తుంది.

పాలనా యంత్రాంగం: రెండు కొసలు, ఒక కుటుంబం

దండపాటాల అధికారులు వసూలు చేసిన శిస్తులో నిర్ణీత భాగం కటకానికి పంపాలి, పాయకులనే కాల్బలాన్ని సిద్ధంగా ఉంచాలి. దక్షిణ ప్రాంతాలకు రాజబంధువులను, నమ్మకస్థులైన కుటుంబాల వారిని పంపేవారు. అలాంటి కుటుంబం భవానందరాయలది. ప్రతాపరుద్రుడి కాలంలో (1497-1540) భవానందుడి కొడుకు రామానందరాయలు రాజమహేంద్రవర పాలకుడు. మరో కొడుకు గోపీనాథ బడజేనా మాల్‌జ్యేష్ఠా దండపాటపు అధికారి. అంటే గోదావరి తీరాన అన్న, హిజ్లీ తీరాన తమ్ముడు ఒకే ప్రభువు తరఫున శిస్తు వసూలు చేశారు.

గోపీనాథుడి ఉదంతం కృష్ణదాస కవిరాజు రాసిన బెంగాలీ గ్రంథం చైతన్య చరితామృతంలో ఉంది. భక్తి గ్రంథమే అయినా రాజ్య ఆర్థిక వ్యవహారం ఇంత దగ్గరగా కనిపించే చోటు మరొకటి అరుదు. దాని ప్రకారం గోపీనాథుడు రెండు లక్షల కాహనాల గవ్వలు బకాయి పడ్డాడు. కాహనానికి 1,280 గవ్వల లెక్కన ఇది 25 కోట్ల 60 లక్షల గవ్వలు. బాకీ కింద కొన్ని గుర్రాలు ఇస్తానన్నాడు. వాటికి వెల కట్టడానికి వచ్చిన రాకుమారుడు తక్కువ ధర చెప్పాడు. మెడ పైకెత్తి అటూ ఇటూ చూసే అలవాటున్న ఆ రాకుమారుణ్ని ఉద్దేశించి, నా గుర్రాలు అలా మెడ తిప్పవు గనుక వాటి వెల తగ్గదు అని గోపీనాథుడు ఎగతాళి చేశాడు. ఫలితంగా అతణ్ని కత్తుల మీదికి తోసే మంచె ఎక్కించారు. చివరికి ప్రతాపరుద్రుడు క్షమించి, బాకీ మాఫీ చేసి, జీతం రెట్టింపు చేసి అదే పదవిలో ఉంచాడు.

గ్రంథకర్త దీన్ని భగవత్కృపకు నిదర్శనంగా చెప్పాడు. పాలనాదృష్టితో చదివితే వేరే సంగతులు తేలతాయి. సరిహద్దు మండలపు ఆదాయం అధికారి దగ్గరే ఆగిపోతోంది. రాబట్టడానికి మరణదండన బెదిరింపు తప్ప వేరే యంత్రాంగం లేదు. ఆ అధికారిని తొలగించే ధైర్యమూ కటకానికి లేదు.

క్షీణత మొదటి దశ: వారసత్వ కలహం

కపిలేంద్రుడు 1466-67 ప్రాంతంలో కృష్ణాతీరాన మరణించాడని జగన్నాథాలయ వృత్తాంతమైన మాదలాపాంజి చెబుతుంది. దక్షిణ విజయాలన్నీ సాధించిన హంవీరుణ్ని కాదని చిన్నకొడుకు పురుషోత్తముడు రాజయ్యాడు. జగన్నాథుడే అతణ్ని ఎంచుకున్నాడన్నది సంప్రదాయం. హంవీరుడు బహమనీ సుల్తాను సాయం కోరాడు. దాని ఖరీదు 1470 దశకంలో తెలిసింది: రాజమహేంద్రవరం, కొండపల్లి బహమనీల చేతికి, ఉదయగిరి సాళువ నరసింహుడి చేతికి పోయాయి.

పురుషోత్తముడు పోయినదాన్ని చాలావరకు రాబట్టాడు. అందుకు శత్రువుల దురదృష్టం కూడా తోడైంది. బహమనీ మంత్రి మహమూద్ గవాన్ ఒడిశా రాజును దండయాత్రకు పిలుస్తూ ఉత్తరం రాశాడని దొంగ లేఖ సృష్టించి శత్రువులు సుల్తానుకు చూపారు. 1481 ఏప్రిల్‌లో కొండపల్లి దగ్గర సుల్తాను అతణ్ని చంపించాడు. మరుసటి ఏడు సుల్తానూ పోయాడు. బహమనీ రాజ్యం ముక్కలవుతుంటే పురుషోత్తముడు గోదావరి, కృష్ణా మండలాలను, తరవాత ఉదయగిరిని తిరిగి పట్టుకున్నాడు. ఒడిశాలో నేటికీ చెప్పుకునే కాంచీ-కావేరి కథ, అంటే జగన్నాథ బలభద్రులు నల్ల తెల్ల గుర్రాలెక్కి రాజు వెంట యుద్ధానికి వెళ్లిన కథ, ఈ కాలానిదే. దాన్ని యుద్ధ చరిత్రగా కాక రాజ్యం తన గెలుపును ఎలా తలచుకున్నదో చెప్పే కథగా చూడాలి. (చూ. సాళువ నరసింహుడు; బహమనీ రాజ్యం)

రెండో దశ: ప్రతాపరుద్రుడు, కృష్ణదేవరాయలు

పురుషోత్తముడి కొడుకు ప్రతాపరుద్రదేవుడు 1497 నుంచి 1540 దాకా ఏలాడు. 1509లో అతడు దక్షిణాన ఉండగా బెంగాల్ సుల్తాను హుసేన్ షా సేనాని ఇస్మాయిల్ ఘాజీ ఉత్తరం నుంచి చొరబడి పూరీ దాకా వచ్చాడు. కటకం కాపలాకు ఉంచిన గోవింద విద్యాధరుడు సారంగగఢ్‌కు తప్పుకున్నాడు. రాజు ఉరుకుల మీద తిరిగి వచ్చి శత్రువును హుగ్లీ ప్రాంతపు మందారణ్ కోట దాకా తరిమాడు. అయితే విద్యాధరుడు శత్రుపక్షంతో కుమ్మక్కయ్యాడని మాదలాపాంజి కథనం. రాజు అతణ్ని శిక్షించలేదు సరికదా అధికారాలు పెంచాడు. ఈ నిర్ణయం ఫలితం ముప్పై ఏళ్ల తరవాత రాజ కుటుంబానికే తగిలింది.

1513లో కృష్ణదేవరాయలు ఉదయగిరిని ముట్టడించాడు. ఏడాదికి పైగా సాగిన ముట్టడి 1514 జూన్‌లో ముగిసి, కోటను కాపాడిన ప్రతాపరుద్రుడి బంధువు తిరుమల రౌతరాయలు బందీ అయ్యాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని రాయలు హంపికి తీసుకెళ్లి ప్రతిష్ఠించాడు. తరవాత అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, నాగార్జునకొండ వరుసగా పడ్డాయి. 1515 జూన్ 23న కొండవీడు లొంగింది. రాకుమారుడు వీరభద్ర గజపతి పట్టుబడ్డాడు. అతడు అవమానం భరించలేక ఆత్మహత్య చేసుకున్నాడని పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ రాశాడు. కన్నడ దేశంలో అతనికి ఒక సీమ పాలన ఇచ్చినట్టు 1516 నాటి శాసనం చెబుతోంది. ఇక్కడ రాతిమీది సాక్ష్యానికే ఎక్కువ విలువ ఇవ్వాలి.

కొండపల్లి, రాజమహేంద్రవరం దాటి రాయల సేన 1516లో సింహాచలం చేరింది. అక్కడి ఆలయంలో రాయల దాన శాసనాలున్నాయి. పొట్నూరులో విజయస్తంభం నాటించాడు. 1519 నాటికి సంధి కుదిరింది. ప్రతాపరుద్రుడి కుమార్తెను రాయలకు ఇచ్చి వివాహం చేశారు. కృష్ణకు ఉత్తరపు భూములను రాయలు తిరిగి ఇచ్చేశాడు. అందువల్ల ఈ ఓటమిలో శాశ్వతంగా పోయింది కృష్ణకు దక్షిణపు భాగం మాత్రమే. భూమి కంటే పెద్ద నష్టం ఖజానాది, సైన్యానిది. ఆ నీరసాన్ని వాడుకున్నది గోల్కొండ. 1530 దశకంలో కులీ కుతుబ్ షా కృష్ణా గోదావరుల మధ్య ప్రాంతాన్ని ఆక్రమించి గజపతుల హద్దును గోదావరికి నెట్టాడు. (చూ. కొండవీడు, కుతుబ్ షాహీ వంశం)

మూడో దశ: కటకంలో హత్యలు

1540లో ప్రతాపరుద్రుడు పోయాడు. కొడుకులు కాలువాదేవుడు, కఖారువాదేవుడు ఒకరి తరవాత ఒకరు గద్దెనెక్కి ఒకరి తరవాత ఒకరు హతులయ్యారు. చంపించింది గోవింద విద్యాధరుడు. 1541లో అతడే రాజై భోయి వంశాన్ని స్థాపించాడు. ఆ వంశం 1560 దాకా నడిచింది. ఆ పంతొమ్మిదేళ్లలో చెప్పుకోదగ్గ విస్తరణ లేదు, అంతఃపుర కుట్రలున్నాయి.

1560లో సేనాని ముకుంద హరిచందనుడు ముకుందదేవుడిగా సింహాసనమెక్కాడు. చాళుక్య వంశీయుణ్నని చెప్పుకున్న ఇతణ్ని ఒడియావారు తెలింగ ముకుందదేవుడని పిలిచారు. కటకపు చివరి స్వతంత్ర హిందూ రాజు తెలుగు మూలాలున్నవాడని సంప్రదాయం చెప్పడం గమనార్హం. ముకుందదేవుడు అసమర్థుడు కాడు. హుగ్లీ జిల్లా త్రివేణి దగ్గర గంగ ఒడ్డున ఉన్న స్నానఘట్టం అతడు కట్టించిందే అంటారు. అక్కడిదాకా హద్దు జరిపాడంటే మేదినీపూర్, హిజ్లీ తీరం అతని చేతిలో గట్టిగా ఉన్నట్టే.

1568

బెంగాల్‌లో అఫ్ఘన్ పాలకుడు సులేమాన్ కర్రానీ ముకుందదేవుడికి ప్రత్యర్థి. సులేమాన్‌కు శత్రువైన ఇబ్రహీం సూర్‌కు ముకుందదేవుడు ఆశ్రయమిచ్చాడు. 1565లో అక్బరు దూతలు కటకం వచ్చి స్నేహం కుదుర్చుకున్నారు. మొఘలుల పక్షాన చేరి అఫ్ఘన్లను రెండువైపులా నొక్కాలన్నది పథకం. పథకం తప్పు కాదు, సమయం కుదరలేదు. 1567 అక్టోబరు నుంచి 1568 ఫిబ్రవరి దాకా అక్బరు చిత్తోడ్ ముట్టడిలో మునిగి ఉన్నాడు.

ఆ సందు చూసి సులేమాన్ తన కొడుకు బాయజీద్‌ను, సేనాని కాలాపహాడ్‌ను పంపాడు. వారు తీరపు రాజమార్గాన్ని వదిలి మయూర్‌భంజ్ అడవుల మీదుగా దిగారు. ఉత్తర సరిహద్దున కాపు కాసిన ముకుందదేవుడి వెనక్కి శత్రువు చేరిపోయాడు. అదే సమయంలో సారంగగఢ్‌లో సామంతుడు తిరగబడ్డాడు. ముకుందదేవుడు యుద్ధంలో చనిపోయాడు, కటకం పడింది, కాలాపహాడ్ పూరీని కొల్లగొట్టాడు. దాచిన జగన్నాథ విగ్రహాలను చిలికా ప్రాంతం నుంచి తవ్వి తీసి గంగ ఒడ్డుకు తీసుకెళ్లి కాల్పించాడనీ, బిసర్ మహంతి అనే భక్తుడు అందులోని బ్రహ్మపదార్థాన్ని కాపాడి తెచ్చాడనీ ఆలయ సంప్రదాయం. విజయనగరాన్ని కూల్చిన రాక్షసి తంగడి యుద్ధానికీ దీనికీ మధ్య మూడేళ్లే. నరపతి, గజపతి ఒకరినొకరు అరగదీసుకున్న తరవాత ఇద్దరూ వేర్వేరు చేతుల్లో కూలారు.

పతనం తరవాత ఉత్తరపు కొస

మేదినీపూర్ ప్రాంతం వెంటనే మరో యుద్ధానికి రంగమైంది. ఖరగ్‌పూర్‌కు దక్షిణాన ఉన్న దంతన్ దగ్గర తుకరోయిలో 1575 మార్చి 3న మొఘల్ సేనాని మునీం ఖాన్, తోడర్ మల్ కలిసి సులేమాన్ కొడుకు దావూద్ కర్రానీని ఓడించారు. దగ్గరలోని మొఘల్‌మారి ఊరికి మొఘలులు చచ్చినచోటు కనుక ఆ పేరు వచ్చిందని స్థానికులు చెబుతారు. 21వ శతాబ్దపు తవ్వకాల్లో అక్కడ బయటపడింది మాత్రం ఆ యుద్ధానికి ఎన్నో శతాబ్దాల ముందటి బౌద్ధవిహారం.

1592లో మాన్‌సింగ్ ఒడిశాను మొఘల్ రాజ్యంలో కలిపాడు. అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో ఒడిశాకు ఐదు సర్కారులు రాశాడు: జలేశ్వర్, భద్రక్, కటక్, కళింగ దండపాట్, రాజమహేంద్రి. చివరిది అప్పటికి మొఘలుల చేతిలో లేదు. 1572 ప్రాంతంలోనే అది గోల్కొండ వశమైంది. ఏలుబడిలో లేని సర్కారును కూడా లెక్కలో చూపడం గజపతుల పాత పటం మొఘల్ దఫ్తరంలో మిగిలి ఉండటానికి గుర్తు.

షాజహాను కాలంలో హిజ్లీని ఒడిశా నుంచి విడదీసి బెంగాల్‌లో చేర్చారు. మఘ్ (అరకాన్), పోర్చుగీసు ఓడదొంగల నుంచి తీరాన్ని ఢాకా నౌకాదళం కాపాడాలన్నది కారణం. 1687లో ఈస్టిండియా కంపెనీ ఏజెంటు జాబ్ చార్నాక్ పాత హిజ్లీని కొన్ని నెలలు పట్టుకుని, మొఘల్ ముట్టడి, జ్వరాలు తట్టుకోలేక వదిలాడు. 1760లో మేదినీపూర్ కంపెనీ పరమైంది, ఒడిశా 1803లో. నలభై మూడేళ్ల ఈ తేడాతో పాత గజపతి దేశం ఉత్తర భాగం బెంగాల్ జిల్లాగా స్థిరపడిపోయింది.

కారణాలపై చర్చ

రాఖల్‌దాస్ బెనర్జీ 1930-31లో అచ్చయిన ఒడిశా చరిత్రలో బెంగాల్ భక్తిగురువు చైతన్యుడి వైష్ణవాన్ని ప్రధాన కారణంగా చూపాడు. 1510లో చైతన్యుడు పూరీ వచ్చాడు, ప్రతాపరుద్రుడు ఆయన భక్తుడయ్యాడు, రామానందరాయలు గోదావరి తీరంలో ఆయనను కలిసిన తరవాత రాజమహేంద్రవర పదవి వదిలి పూరీ చేరాడు. యుద్ధాసక్తి తగ్గి రాజ్యం చెడిందన్నది వాదం. ప్రభాత్ ముఖర్జీ తదితరులు దీన్ని ఒప్పుకోలేదు.

కాలక్రమం బెనర్జీ వాదానికి అనుకూలించదు. దక్షిణ మండలాలు మొదటిసారి జారిపోయింది 1470 దశకంలో; చైతన్యుడు పుట్టింది 1486లో. గోవింద విద్యాధరుడి ద్రోహం ఆయన పూరీ రాకకు ఏడాది ముందే బయటపడింది. భజనలు చేసిన రాజే ఉదయగిరిని ఏడాదికి పైగా నిలబెట్టిన సైన్యాన్ని నడిపాడు. అసలు కారణాలు అంత రమ్యంగా ఉండవు: వారసత్వానికి నిలకడైన నియమం లేకపోవడం, ద్రోహులను క్షమించక తప్పని బలహీనత, శిస్తును తమ దగ్గరే ఆపుకున్న మండలాధికారులు, మూడు దిక్కుల శత్రువులు, సన్నని తీరపు రాజ్యానికి రెండు యుద్ధరంగాల ఖర్చు.

ఆధారాలు

తెలుగు, ఒడియా, సంస్కృత శాసనాలు ప్రధానం. సింహాచలం ఆలయ గోడలు ఒక్కటే పెద్ద భాండాగారం. మాదలాపాంజి తేదీల్లో తరచు తప్పుతుంది, కుట్రల సంగతుల్లో విలువైనది. ఫిరిష్తా వంటి పారశీక చరిత్రకారులు బహమనీ పక్షం, నూనిజ్ విజయనగర పక్షం వినిపిస్తారు. హిజ్లీ పాలన గురించి దొరికే కాస్త వివరం భక్తి గ్రంథం నుంచి రావడం ఈ చరిత్రలోని విచిత్రం.

అవశేషాలు

పతనం తరవాత ఖుర్దాలో రామచంద్రదేవుడు నిలబెట్టిన వంశం జగన్నాథుడి ఆద్యసేవకులుగా గజపతి బిరుదును కొనసాగించింది. పూరీ రాజుకు నేటికీ అదే బిరుదు. ఒడిశాలో 1992లో ఏర్పడిన గజపతి జిల్లా, విజయనగరం జిల్లాలో గజపతినగరం ఆ పేరును మోస్తున్నాయి.

ఖరగ్‌పూర్ హిజ్లీలో గజపతుల కట్టడమేదీ ప్రసిద్ధంగా లేదు. 1930లో అక్కడ నిర్బంధ శిబిరం తెరిచారు. 1931 సెప్టెంబరు 16న పోలీసు కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించారు. ఆ భవనంలోనే 1951లో దేశపు మొదటి ఐ.ఐ.టి. మొదలైంది. పక్కనే బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కర్మాగారంలో పనికి ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది. హిజ్లీ స్టేషన్ హౌరా-చెన్నై మార్గంలో ఉంది. అక్కడినుంచి దక్షిణంగా వెళ్లే రైలు దంతన్, జలేశ్వర్, భద్రక్, కటక్, ఖుర్దా రోడ్ మీదుగా రాజమహేంద్రవరం చేరుతుంది.